బస్టాండ్ కాలజ్ఞానం పుస్తకం: కొనొచ్చా, నమ్మొచ్చా?

ముందే ఒక మాట. ఇది బ్రహ్మంగారి మీద రివ్యూ కాదు, అంత సాహసం నేను చెయ్యను, మా ఇంట్లో ఆయన పటం ఉంది. ఆయన పేరు పెట్టుకుని బస్టాండు పుస్తకాల షాపుల్లో, గుళ్ల బయట కొట్లలో దారానికి వేలాడదీసి అమ్మే కాలజ్ఞానం పుస్తకం ఉంది చూశారూ, దాని మీద. పబ్లిషర్ పేరు రాయడం లేదు, ఒక్కరిని అని ప్రయోజనం లేదు. ఇలాంటివి చాలామంది వేస్తారు, అట్ట మారుతుంది తప్ప లోపల సరుకు ఇంచుమించు అదే. ధర వంద రూపాయల్లోపు. బస్సు లేటైతే కాలక్షేపానికి కొనుక్కునే రకం, అందులో తప్పేం లేదు. కానీ ఈమధ్య దీని పేజీలు ఫోటోలు తీసి ఫ్యామిలీ గ్రూపుల్లో పెట్టి "చూశారా, అన్నీ జరుగుతున్నాయి, ఇంకెన్నాళ్లో లేదు" అని పెద్దవాళ్లకి టెన్షన్ పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

అట్ట మాత్రం అదిరింది. తెల్ల గుర్రం మీద కల్కి, వెనకాల కూలిపోతున్న అపార్ట్‌మెంట్లు, ఒక మూల సునామీ, ఇంకో మూల ముళ్లతో కరోనా వైరస్, ఇంత హడావిడి మధ్యలో పాపం బ్రహ్మంగారు, పక్కన సిద్దయ్య, ఇద్దరూ ప్రశాంతంగా ఉన్నారు. లోపలికొస్తే కాగితం పల్చన, వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి, పిన్నులు ఒకసారి గట్టిగా తెరిస్తే వదులైపోతాయి. అచ్చుతప్పులు ఎన్నని చెప్పను, ఒకచోట ప్రళయం కాస్తా ప్రణయం అయి కూర్చుంది, దేశదేశాల్లో ప్రణయం చెలరేగి జనం పరుగులు పెడతారట. ఆ పేజీ ఒక్కదానికీ ఇచ్చిన డబ్బులు గిట్టుబాటయ్యాయి.

మొదటి భాగం జీవిత చరిత్ర, ఇది బాగుంది, నిజంగానే బాగుంది. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ గారింట్లో పశువులు కాయడం, రవ్వలకొండ గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాయడం, కొన్ని పత్రాలు పాతిపెట్టి పైన చింతచెట్టు నాటడం, తర్వాత కందిమల్లాయపల్లెలో వడ్రంగం చేసుకుంటూ బతకడం, అక్కడే 1693లో జీవసమాధి అయ్యారని చెప్పడం, అన్నీ కథలాగా సాగిపోతాయి. దూదేకుల సిద్దయ్య ఇంట్లోవాళ్లని ఎదిరించి శిష్యుడవడం, దళితుడైన కక్కయ్యను ఆయన చేరదీయడం కూడా ఉన్నాయి. కాకపోతే ఇవి రెండూ గబగబా చెప్పి వదిలేశారు. కులం గొప్పలు చెప్పుకునేవాళ్లని ఆ మనిషి 17వ శతాబ్దంలో నిలబెట్టి కడిగిన పద్యాలు, తత్వాలు ఉన్నాయే, వాటికి ఇచ్చిన చోటు కంటే చివర్న పంచాంగం, వాస్తు పుస్తకాల ప్రకటనలకి ఇచ్చిన చోటు ఎక్కువ.

అసలు అమ్ముడుపోయే సరుకు రెండో భాగం. దీన్ని మూడు ముక్కలు చేశారు, జరిగినవి, జరుగుతున్నవి, జరగబోయేవి. జరిగినవాటి లిస్టు చాంతాడంత ఉంది. ఎద్దులు లేకుండా బండ్లు నడవడం, నీళ్లతో దీపాలు వెలగడం, ఒక వితంతువు పదహారేళ్లు దేశాన్ని ఏలడం, అలా సాగుతుంది. ఆ పదహారేళ్ల సంగతి కొట్టిపారెయ్యకుండా లెక్క వేసి చూశాను. ఇందిరాగాంధీ 1966 జనవరి నుంచి 1977 మార్చి దాకా, మళ్లీ 1980 జనవరి నుంచి 1984 అక్టోబర్ చివరి దాకా ప్రధానిగా ఉన్నారు. కలిపితే పదహారేళ్లకి దగ్గర దగ్గరే. మధ్యలో మూడేళ్ల గ్యాప్ సంగతి పక్కన పెడితే బాగానే సరిపోయింది, కాదనను. కానీ నా చేతిలో ఉన్న పుస్తకం అంతా అయిపోయాక వేసింది కదా. తొలి ముద్రణ ఏ సంవత్సరం, ఏ తాళపత్రం చూసి రాశారు, అది ఎక్కడుంది, ఎవరు చదివి అచ్చుకిచ్చారు, ఈ నాలుగు ప్రశ్నలకీ పుస్తకంలో జవాబు లేదు. వెనక అట్ట మీద ఫోన్ నంబర్లు మాత్రం ఉన్నాయి.

కరోనా పేజీ దగ్గరికి వద్దాం, ఎక్కువమంది కొనేది దాని కోసమే. ఈశాన్యం వైపు నుంచి విషగాలి పుడుతుందని, కోరంకి అనే జబ్బు కోటి మందికి తగులుతుందని ఒక పద్యం 2020లో ఊరంతా తిరిగింది, మీ ఫోనుకీ వచ్చే ఉంటుంది. పుస్తకంలో దానికి పెద్ద బోర్డర్ కట్టి వేశారు. సరే, పద్యం పాతదే అనుకుందాం. 2019 నవంబర్‌లో, అంటే చైనాలో జబ్బు బయటపడక ముందు, ఆ పద్యం చూపించి "వచ్చే ఏడాది మాస్కులు కొనిపెట్టుకోండి" అని చెప్పినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. పద్యం అందరికీ కనిపించింది లాక్‌డౌన్ పెట్టాక. మనకి కావాల్సింది ముందు చెప్పేది కదండీ, వెనక్కి తిరిగి చూసి ఇదిగో ఇక్కడ రాసుంది అంటే దానివల్ల ఒక్క ప్రాణమైనా నిలబడిందా?

ఇక జరగబోయేవి. ఈ భాగం చాలా పల్చన, తారీఖులు అస్సలు ఉండవు. యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడు. విగ్రహం పెరుగుతోందని, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణం చేసేవాళ్లని, ఇప్పుడు స్తంభాల మధ్య చోటు చాలడం లేదని యాగంటిలో చెబుతారు. రంకె ఎప్పుడు అంటే కలియుగాంతంలో అంటారు. కలియుగాంతం ఎప్పుడు అంటే బసవన్న రంకె వేసినప్పుడు అంటారు. మనం మధ్యలో ఉండిపోతాం.

కృష్ణ నీళ్లు ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ ముక్కుపుడకని తాకుతాయనే మాట ఇంకా పాపులర్. ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తిన ప్రతిసారీ ఇది బయటికొస్తుంది. 2009 అక్టోబర్ వరదల్లో వచ్చింది, 2024 సెప్టెంబర్‌లో మళ్లీ వచ్చింది. ఆ 2024 వరద గురించి కాస్త ఆగి చెప్పాలి. బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు దాటి పరుగెత్తింది, బోట్లు కొట్టుకొచ్చి గేట్లకి తగులుకున్నాయి, టీవీల్లో కెమెరాలన్నీ బ్యారేజీ వైపే. బెజవాడలో ఎక్కువమంది ఇళ్లు ముంచింది మాత్రం కృష్ణ కాదు, బుడమేరు. కట్టలకు గండ్లు పడి సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి, జనం రోజుల తరబడి మేడల మీద కూర్చున్నారు, కొన్నిచోట్ల అన్నం పొట్లాలు డ్రోన్లతో వేయాల్సి వచ్చింది. అదే సమయంలో ఫోన్లలో ముక్కుపుడక మెసేజీలు. అమ్మవారి కొండ దాకా నీళ్లు వస్తాయా అని అందరూ చర్చించుకుంటుంటే, నీళ్లు వచ్చిన చోట మంచాలు, ఫ్రిజ్‌లు, పిల్లల సర్టిఫికెట్లు తేలుతున్నాయి.

బుడమేరు పేరు ఈ పుస్తకంలో ఎక్కడా లేదు, కానీ అది ముంచుతుందని చెప్పడానికి దివ్యదృష్టి కూడా అక్కర్లేదు. 2005లోనూ ముంచింది. వాగు దారిలో ఇళ్లు కట్టుకుంటూ పోతే, కట్టలు చూసుకోకపోతే ఏమవుతుందో ఆ ఏరియాలో పాతకాపులు ఎవరినడిగినా చెబుతారు. నన్నడిగితే ప్రళయం జోస్యాలతో అసలు నష్టం ఇదే. ఏదీ జరగదని కాదు, జరిగేవి జరుగుతూనే ఉంటాయి. కానీ భయపడాల్సిన చోటు నుంచి మన కళ్లు తిప్పేసి, ఇంకెక్కడో పెట్టిస్తాయి.

పూజ చేయించుకునేవాళ్లకి ఒక సంగతి గుర్తుచేస్తాను. సంకల్పంలో పంతులుగారు "కలియుగే ప్రథమపాదే" అని చదువుతారు, మనం అక్షింతలు పట్టుకుని వింటాం. కలియుగం మొత్తం 4,32,000 ఏళ్లని పురాణాల లెక్క. క్రీస్తుపూర్వం 3102లో మొదలైందంటే ఇప్పటికి గడిచింది ఐదు వేల పైచిలుకు, ఇంకా నాలుగు లక్షల ఇరవై ఆరు వేల ఏళ్లకి పైగా మిగిలి ఉంది. పొద్దున సంకల్పంలో ప్రథమపాదం అని చెప్పుకుని సాయంత్రం యూట్యూబ్‌లో యుగాంతం వచ్చేసిందని వణికిపోవడం ఏమిటో నాకు అర్థం కాదు. ఇలాంటి పుస్తకాల్లో కలి ఐదువేల ఏళ్లు నిండాక అనే మాట తరచూ కనిపిస్తుంది. ఆ ఐదువేలు 1899లోనే నిండాయి. మన ముత్తాతలు ఆ ఏడాది దాటేసి, పెళ్లిళ్లు చేసుకుని, మనల్ని కూడా ఇక్కడి దాకా తెచ్చారు.

తారీఖు లేని జోస్యాన్ని తప్పని ఎవరూ నిరూపించలేరు, అదే దాని సౌకర్యం. తారీఖు పెట్టినవాటి సంగతి చూడండి. 1962 ఫిబ్రవరి 3 నుంచి 5 దాకా అష్టగ్రహ కూటమి, మకర రాశిలో ఎనిమిది గ్రహాలు, పైగా సూర్యగ్రహణం. దేశమంతా హోమాలు చేశారు, నెయ్యి డబ్బాలు ఖాళీ అయ్యాయి. ఆరో తారీఖున అందరూ మామూలుగా ఆఫీసుకెళ్లారు. హోమాల వల్లే ఆగిందని అప్పుడు కూడా అన్నారనుకోండి.

1979 స్కైలాబ్ గురించి మన ఊళ్లలో అరవై దాటిన ఎవరినడిగినా చెబుతారు. పడేది నిజమే, అమెరికా అంతరిక్ష కేంద్రం, 77 టన్నులది, ఎక్కడ పడుతుందో నాసాకే కచ్చితంగా తెలియదు. కానీ మన దగ్గర అది సరిగ్గా మన ఊరి మీదే పడుతుందని తేల్చేసుకున్నారు. ఎలాగూ పోతాం కదా అని కోళ్లు, మేకలు కోసుకు తిన్నారు, గొడ్లని అయినకాడికి అమ్ముకున్నారు. చివరికి జూలై 11న అది హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల ముక్కలై పడింది. ఆ ఊరి పంచాయతీవాళ్లు మా ఊళ్లో చెత్త వేశారని నాసాకి 400 డాలర్ల జరిమానా రాశారు. నాకు మాత్రం ఎప్పుడూ ఒక డౌటు, అందరూ పోతామని గొడ్లు అమ్ముతుంటే కొన్నవాడు ఎవడు? వాడి ఇంటర్వ్యూ ఎవరూ తీసుకోలేదు.

2012 డిసెంబర్ 21 మాయన్ క్యాలెండర్ అందరికీ గుర్తుంది, దాని గురించి ఎక్కువ రాయను. 5,125 ఏళ్ల లెక్క ఒకటి పూర్తయి కొత్తది మొదలయ్యే రోజు, అంతే. దానికి నిబిరు అనే గ్రహాన్ని అతికించారు. ఆ గ్రహం ముందు 2003లో భూమిని గుద్దాలి, గుద్దలేదు, అందుకని 2012కి మార్చారు, ఆ తర్వాత ఇంకొకాయన 2017 సెప్టెంబర్ 23 అన్నాడు. అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు 1994లో ఒకసారి చెప్పి, మళ్లీ 2011 మే 21 అని చెప్పి, అది తప్పితే అక్టోబర్ 21 అన్నాడు. మే తారీఖు నమ్మి న్యూయార్క్‌లో ఒక రిటైర్డ్ ఉద్యోగి తను దాచుకున్న డబ్బులో 1,40,000 డాలర్లు పోస్టర్లకి, ప్రకటనలకి పెట్టేశాడు. ఆ డబ్బు వాపస్ రాలేదు. మర్నాడు రోడ్ల మీద పోస్టర్లు మాత్రం ఉన్నాయి.

ఇదంతా పాత గోల అనుకునేవాళ్లకి మొన్నటి 2025 చాలు. మార్చి 29న షష్ఠగ్రహ కూటమి, మీన రాశిలో ఆరు గ్రహాలు, ఆ రోజే పాక్షిక సూర్యగ్రహణం, మర్నాడు ఉగాది. వారాల తరబడి వీడియోలు, కింద డిస్క్రిప్షన్‌లో నివారణ పూజల నంబర్లు. ఒకరోజు ముందు, 28న, మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. వెంటనే "చెప్పాం కదా" అని కొత్త వీడియోలు. మయన్మార్ అని ఏ వీడియోలో చెప్పారు? అక్కడ సగాయింగ్ అనే పెద్ద ఫాల్ట్, అంటే భూమి లోపలి పగులు, ఉందని, పెద్ద భూకంపాలకి అవకాశం ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు ముందు నుంచీ చెబుతున్నారు, తారీఖు చెప్పలేమని కూడా వాళ్లే చెప్పారు. ఆ వీడియోలు ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. జూలై 5న జపాన్‌కి మహా విపత్తు అని ఒక మాంగా బొమ్మల పుస్తకాన్ని పట్టుకుని ఇంకో గోల. హాంకాంగ్ నుంచి జపాన్ వెళ్లే విమానాలు కూడా కొన్ని తగ్గించుకున్నారు. ఐదో తారీఖు మామూలుగా గడిచింది. జూలై 30న రష్యా కమ్చట్కా దగ్గర 8.8 భూకంపం వస్తే "నెల కరెక్టే కదా" అన్నారు. పరీక్షలో ఇలా మార్కులు వేస్తే మా బ్యాచ్‌లో ఫెయిలైనవాడే ఉండేవాడు కాదు.

అలాగని ముందుగా చెప్పే ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టకండి, అది ఇంకా ప్రమాదం. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుపాను ఒడిశా తీరం దాటేముందు అక్కడా, మన శ్రీకాకుళం వైపూ కలిపి పది లక్షల మందికి పైగా ఖాళీ చేయించారు, మృతులు పదుల్లో ఆగారు. మధ్యలో మారింది ఏమిటంటే ఉపగ్రహాలు, రాడార్లు, తుపాను షెల్టర్లు, రోజుకి ఎన్నోసార్లు వచ్చే బులెటిన్. ఆ బులెటిన్ చూడండి ఎలా ఉంటుందో, తీరానికి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది, ఏ దిక్కుకి కదులుతోంది, ఎక్కడ దాటొచ్చు, గాలి ఎంత. దిశ మారితే మారిందని రాస్తారు, పొద్దున చెప్పినదాన్ని సాయంత్రం సవరించడానికి సిగ్గుపడరు.

గ్రహశకలాలదీ అదే పద్ధతి. అపోఫిస్ అనేది 2004లో కనిపెట్టినప్పుడు 2029 ఏప్రిల్ 13న భూమిని గుద్దే అవకాశం 2.7 శాతం దాకా వెళ్లింది. తర్వాత కొలతలు పెరిగాయి, గుద్దదని తేలింది, 2021లో రాడార్‌తో చూసి ఇంకో వందేళ్ల దాకా భయం లేదని చెప్పారు. ఆ రోజు భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తులోంచి వెళ్లిపోతుంది, యూరప్, ఆఫ్రికాలోవాళ్లకి మామూలు కంటికే కనిపిస్తుంది. 2024 వైఆర్4 అని ఇంకోటి, 2032 డిసెంబర్ 22న గుద్దే అవకాశం 2025 ఫిబ్రవరిలో 3.1 శాతానికి చేరితే మన ఛానెళ్లలో బ్రేకింగ్ న్యూస్ పడింది, కొద్దిరోజులకే అది దాదాపు సున్నాకి పడిపోతే స్క్రోలింగ్‌లో కూడా సరిగ్గా రాలేదు. 2029 దగ్గరపడేకొద్దీ అపోఫిస్ పేరుతో కొత్త అట్టలు వస్తాయి చూడండి, 13వ తారీఖు, పైగా శుక్రవారం, అమ్మేవాడికి ఇంతకంటే ఏం కావాలి.

పుస్తకానికి నా మార్కులు: జీవిత చరిత్రకి మూడున్నర, అట్టకి నాలుగు, కాగితానికి ఒకటి, జోస్యాలకి సున్నా. మొత్తం మీద రెండు స్టార్లు. ఇంట్లో బీపీ ఉన్న పెద్దవాళ్లుంటే జరగబోయేవి అనే భాగం వాళ్ల చేతికివ్వకండి. బ్రహ్మంగారిని చదవాలనుకుంటే తత్వాలు ఉన్న పుస్తకం అడిగి తీసుకోండి, ఏ కొట్టులోనైనా అడుగు వరసలో దుమ్ము పట్టి ఉంటుంది, బేరమాడితే ఇంకా తక్కువకి వస్తుంది. కందిమల్లాయపల్లె మఠం వైపు వెళ్లేవాళ్లు బనగానపల్లె, యాగంటి కూడా కలుపుకుని వెళ్లండి, రవ్వలకొండ గుహలు చూడదగ్గవి.

ఇంకొకటి. ఎవరి ఇంట్లోనైనా అటక మీద 1966కి ముందు అచ్చయిన కాలజ్ఞానం ఉంటే, ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ, పదహారేళ్లు ఏలే వితంతువు మాట ఉన్న పేజీ రెండూ ఫోటో తీసి కింద పెట్టండి. రెండూ ఒకే పుస్తకంలో ఉంటే ఆ సున్నాని వెంటనే మారుస్తాను, కొరియర్ ఖర్చులు కూడా నావే.